విండోస్ 7, క్రోమ్ 109: నాలుగు కంప్యూటర్ల షాపులో బ్రౌజర్ ఎప్పుడు మార్చాలి?

మండల కేంద్రంలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ షాపు. ముందు కౌంటర్లో ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, వేలిముద్ర వేయించుకుని డబ్బులిచ్చే ఏఈపీఎస్. లోపలి గదిలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ ఫైలింగ్. ఓ మూలన పెళ్లికార్డులు, కరపత్రాల డీటీపీ. నాలుగు కంప్యూటర్లు, నాలుగింట్లోనూ క్రోమ్. మూడింట్లో క్రోమ్ తెరవగానే పైన పట్టీ వస్తుంది: ఇకపై అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలని. దాన్ని ఇంటూ కొట్టి మూసేయడం అందరికీ అలవాటైపోయింది. పని నడుస్తోంది కదా, ఇప్పుడే మార్చాలా, ఇంకో ఏడాది లాగొచ్చా అన్నది షాపువాళ్ల ప్రశ్న.

షాపు పేరు, ఊరు ఇక్కడ అనవసరం. సెటప్ మాత్రం చాలామందికి తెలిసిందే.

కౌంటర్ కంప్యూటర్: జీ41 బోర్డు, కోర్ 2 డ్యూయో, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 32 బిట్ విండోస్ 7. వేలిముద్ర డివైస్ దీనికే ఉంటుంది. లోపలి గది కంప్యూటర్: హెచ్61 బోర్డు, మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 7. క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లన్నీ (ఆన్‌లైన్ సంతకానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరాలు) గుచ్చేది దీనికే. మూడోది కాస్త కొత్తది: ఎనిమిదో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. దాన్ని ప్రింట్లకూ, సీసీ కెమెరాల డీవీఆర్ చూడటానికీ వాడుతున్నారు. నాలుగోది డీటీపీది: 32 బిట్ విండోస్ 7, పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్.

షాపులో అన్నిటికన్నా ముఖ్యమైన పని రెండో కంప్యూటర్లో, అన్నిటికన్నా మంచి కంప్యూటర్ ప్రింట్ల దగ్గర. ఈ అమరిక గుర్తుంచుకోండి. పరిష్కారంలో సగం అక్కడే దొరికింది.

పని నడుస్తోంది, సవరణలు ఆగాయి

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2020 జనవరి 14న ఆగింది. డబ్బు కట్టిన సంస్థలకిచ్చిన పొడిగింపు 2023 జనవరి 10తో ముగిసింది. అదే రోజున వచ్చిన క్రోమ్ 109, విండోస్ 7, 8, 8.1లకు చివరి వెర్షన్. ఎడ్జ్‌కూ 109తోనే ఆఖరు. 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి. అంటే పట్టీ కనిపించే మూడు కంప్యూటర్లలో బ్రౌజర్ పాతబడిందనడం సగమే నిజం. దాని కింద ఉన్న విండోస్ ముందే పాతబడి, బ్రౌజర్‌ను ముందుకు పోనివ్వడం లేదు.

సవరణలు ఆగితే ఏమవుతుందో 2023 సెప్టెంబరులో సీవీఈ-2023-4863 అనే నంబరుతో బయటపడిన లోపం చూస్తే అర్థమవుతుంది. వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్‌ను చదివే కోడ్‌లో లోపం అది. ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, ఏ బటనూ నొక్కక్కర్లేదు. ప్రత్యేకంగా తయారుచేసిన బొమ్మ పేజీలో ఉంటే చాలు. దాన్ని అప్పటికే దాడుల్లో వాడుతున్నారని గూగుల్ చెప్పింది. క్రోమ్ 116లో సవరణ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్‌కు (ఎక్కువకాలం సవరణలు అందుకునే వెర్షన్) కూడా వచ్చింది, కాబట్టి విండోస్ 7లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు అందింది. విండోస్ 7లోని క్రోమ్‌కు మద్దతు మాత్రం అప్పటికి నెలల ముందే ముగిసింది.

ఇంకో సంగతి జనం పెద్దగా పట్టించుకోరు. క్రోమ్‌కు మూలమైన క్రోమియం కోడ్ బహిరంగం. ఒక లోపాన్ని సరిచేస్తే ఆ సవరణను ఎవరైనా చదవొచ్చు, చదివి సవరణ అందని పాత వెర్షన్‌పై దాడి రాయొచ్చు. 116 నుంచి క్రోమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు వారానికోసారి వస్తున్నాయి. 109లో ఉండిపోయినవాళ్లకు వాటిలో ప్రతిదీ “మీ ఇంట్లో ఫలానా గడియ ఊడింది” అని బయటివాళ్లకు చెప్పే చీటీయే. అందుకే పాత బ్రౌజర్ ప్రమాదం స్థిరంగా ఉండదు, నెలనెలా పెరుగుతుంది. పోయినేడాది ఏమీ కాలేదు కాబట్టి ఈ ఏడాదీ ఏమీ కాదన్న లెక్క ఇక్కడ చెల్లదు.

కాబట్టి ఎప్పుడు మార్చాలో తేల్చేవి రెండు ప్రశ్నలు. ఈ బ్రౌజర్‌కు ఇంకా ఎవరైనా సవరణలు పంపుతున్నారా? ఈ కీబోర్డు మీద ఏం టైప్ చేస్తున్నారు? మొదటిదానికి జవాబు లేదు అని వచ్చి, రెండోదానికి బ్యాంకు పాస్‌వర్డ్, టోకెన్ పిన్, పక్కవాడి ఆధార్ నంబర్ అని వస్తే తేదీ ఇప్పటికే దాటిపోయింది. ఇంక గడువు వెతకడం దండగ. బ్రౌజర్ వయసెంత, పేజీలు వేగంగా తెరుచుకుంటున్నాయా, ఏదైనా సైటు మొరాయించిందా అన్నవి రెండో వరస.

సైటు మొరాయించడం చాలా ఆలస్యంగా కనిపించే లక్షణం. అది కూడా ప్రతిసారీ బ్రౌజర్ తప్పు కాదు.

లక్షణాలు చదవడం

“సర్ట్ డేట్ ఇన్‌వ్యాలిడ్” అని వస్తే ముందు గడియారం చూడాలి. కౌంటర్ కంప్యూటర్లో సీమాస్ బ్యాటరీ (గడియారాన్ని నడిపేది) అయిపోతే కరెంటు పోయొచ్చాక తేదీ ఏ 2009కో వెళ్లిపోతుంది. అప్పుడు ప్రతి సురక్షిత సైటూ ఎర్ర పేజీ చూపిస్తుంది. సీఆర్2032 బటన్ సెల్ వేసి తేదీ సరిచేస్తే పోయేదానికి బ్రౌజర్ తీసి మళ్లీ వేసేవాళ్లు బోలెడుమంది.

“సర్ట్ అథారిటీ ఇన్‌వ్యాలిడ్” వస్తే రెండు దారులు. కంప్యూటర్లో గానీ బ్రౌజర్‌లో గానీ కొత్త రూట్ సర్టిఫికెట్ (సైటు అసలుదేనని నమ్మడానికి ఆధారమైన మూల సర్టిఫికెట్) లేకపోవచ్చు, లేదా యాంటీవైరస్ మధ్యలో దూరి తన సర్టిఫికెట్ పెడుతుండొచ్చు. పాత రూట్ సర్టిఫికెట్లకు గడువు తీరడం ఊహ కాదు. డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసినప్పుడు పాత పరికరాల్లో ఎన్నో సైట్లు తెరుచుకోలేదు. ఈ షాపులో ఒకే సైటుకు క్రోమ్‌లో ఈ తప్పు వచ్చి, ఫైర్‌ఫాక్స్‌లో రాలేదు. ఫైర్‌ఫాక్స్ తన రూట్ సర్టిఫికెట్ల జాబితా తానే మోస్తుంది. ఈ తేడాతోనే సగం నిర్ధారణ అయిపోతుంది.

“ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్” అంటే సర్వర్‌కూ బ్రౌజర్‌కూ ఉమ్మడి భాష లేదు. క్రోమ్ 109కు సురక్షిత కనెక్షన్ల కొత్త పద్ధతి టీఎల్‌ఎస్ 1.3 వచ్చు కాబట్టి దాంట్లో ఇది వస్తే సాధారణంగా సర్వరే పాతది. పాత డీవీఆర్లు, రూటర్ల పేజీలు ఈ రకం. విండోస్ 7లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇలా ఆగితే మాత్రం ముందు బ్రౌజర్‌నే అనుమానించాలి.

అసలైన పాత బ్రౌజర్ లక్షణాలు ఇంకో రకంగా ఉంటాయి. కౌంటర్లో వచ్చిన ఫిర్యాదు: ఫారం అంతా నింపాక సబ్మిట్ బటన్ లేదు. బటన్ ఉంది, కనిపించలేదంతే. టెయిల్‌విండ్ 4 (సైట్ల రూపురేఖలు దిద్దే టూల్) తో కట్టిన సైట్లలో రంగులు ఓకేఎల్‌సీహెచ్ పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతి క్రోమ్‌కు 111లో వచ్చింది. 109కి నీలం నేపథ్యం అర్థం కాక వదిలేస్తుంది, తెల్ల అక్షరాలు మాత్రం వేస్తుంది. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. మౌస్‌తో ఆ చోట లాగి సెలెక్ట్ చేస్తే మాట కనబడుతుంది. టెయిల్‌విండ్ 4 కోరే కనీసం క్రోమ్ 111, ఫైర్‌ఫాక్స్ 128. ఇది 2025 జనవరిలో విడుదలైంది కాబట్టి ఆ తర్వాత కొత్తగా కట్టిన, తిరగరాసిన సైట్లలో ఈ బెడద పెరుగుతూనే ఉంటుంది.

రెండో రకం ఖాళీ పేజీ. ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో ఎర్ర వరస చూడాలి. “ప్రామిస్ విత్‌రిజాల్వర్స్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్” అని ఉంటే అది క్రోమ్ 119లో వచ్చిన సదుపాయం. పేజీలోనే పీడీఎఫ్ చూపించే కొన్ని సైట్లు 109లో తెల్లగా నిలబడేది దీనివల్లే. “ఆబ్జెక్ట్ గ్రూప్‌బై” అయితే 117. ఇలా ఏదో ఒకటి “నాట్ ఎ ఫంక్షన్” అని కనిపిస్తే క్యాష్ చెరిపినా, రూటర్ ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు. “మీ బ్రౌజర్ పనికిరాదు” అనే సైట్లకు యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు, వెర్షన్ సైటుకు చెప్పే మాట) మార్చే ఎక్స్‌టెన్షన్ వేసి, 109ని 130 అని చెప్పించడం ఒక చిట్కాగా తిరుగుతోంది. తలుపు దగ్గర పేరు మార్చి చెప్పినంత మాత్రాన లోపల చేయాల్సిన పని వచ్చేయదు. మూడో పేజీలో, డబ్బు కట్టాక ఆగిపోతుంది. మొదటి పేజీలో ఆగడమే నయం.

మూడో కంప్యూటర్: పట్టీ రాలేదని బాగున్నట్టు కాదు

విండోస్ 10 ఉన్న ఈ కంప్యూటర్లో ఏ హెచ్చరికా లేదు. మూడు చుక్కల మెనూలో హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్ తెరిస్తే వెర్షన్ 98 అని ఉంది. విండోస్ 7లో ఉన్నదాని కన్నా పాతది! స్పీడ్ పెంచుతామని ఎవరో సర్వీసుల జాబితాలో గూగుల్ అప్‌డేట్ సర్వీసులను డిజేబుల్ చేసిపెట్టారు. బూస్టర్, క్లీనర్ పేర్లతో వచ్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఈ పని చేస్తాయి.

దీనికి చర్చ లేదు, ఆ రోజే మార్చాలి. కొత్త ఇన్‌స్టాలర్ దించి పాతదాని మీదే వేస్తే సరిపోతుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి, అప్‌డేట్ సర్వీసు మళ్లీ నమోదవుతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసి వేయాల్సిన పని లేదు. ఆ తర్వాత కూడా ఒక అలవాటు మారాలి: క్రోమ్ అప్‌డేట్‌ను దించుకుంటుంది గానీ మూసి తెరిస్తేనే అమలు చేస్తుంది. నెలల తరబడి స్లీప్‌లో పెట్టి వాడే కంప్యూటర్లో అది వేచి చూస్తూనే ఉంటుంది. పైన కుడివైపు వచ్చే గుర్తు రంగు ఆకుపచ్చగా ఉంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజుల లోపు, నారింజ అయితే నాలుగు రోజులు, ఎరుపైతే వారం దాటింది. రీస్టార్ట్ చేయగానే కంప్యూటర్‌ను పాత స్థితికి తెచ్చే డీప్ ఫ్రీజ్ వేసుకునే నెట్ సెంటర్లలో ఇంకో తంటా: అప్‌డేట్ అవుతుంది, రీస్టార్ట్‌తో చెరిగిపోతుంది. థా మోడ్‌లో (ఫ్రీజ్ తీసేసి) పెట్టి అప్‌డేట్ చేసి, మళ్లీ ఫ్రీజ్ చేయాలి.

దీంట్లో డీవీఆర్ పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేగానీ రాదని పాత సెటప్‌ను కదపకుండా ఉంచారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న రిటైరైంది. ఎడ్జ్‌లో దాని బదులు పాత పేజీలు తెరిచే ఐఈ మోడ్ ఉంది. సెట్టింగ్స్, డిఫాల్ట్ బ్రౌజర్‌లో ఐఈ మోడ్‌లో రీలోడ్‌ను అనుమతించి, డీవీఆర్ లోకల్ అడ్రస్‌ను పేజీల జాబితాలో చేర్చాలి. కెమెరా చూపించే యాక్టివ్ఎక్స్ ప్లగిన్ పనిచేస్తుంది. ఆ చేర్పు 30 రోజులకు చెల్లిపోతుంది, మళ్లీ చేర్చుకోవాలి. “మొన్నటిదాకా వచ్చింది, ఇప్పుడు కెమెరా రావడం లేదు” అనే ఫోన్ చాలాసార్లు దీనికే. ఐఈ మోడ్‌ను కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కాబట్టి ఇది కంగారుపడే విషయం కాదు.

రెండో కంప్యూటర్: అసలు నిర్ణయం

ఇక్కడ టైప్ చేసేది పదుల క్లయింట్ల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, నెట్ బ్యాంకింగ్ చలాన్లు, టోకెన్ పిన్‌లు. పైన చెప్పిన రెండు ప్రశ్నల ప్రకారం దీని తేదీ 2023లోనే దాటింది. మిగిలిన ప్రశ్న ఎలా అన్నదే.

షాపువాళ్ల మొదటి ఆలోచన దీంట్లో విండోస్ 10 వేయడం. దానికి మూడు అడ్డంకులు. ఒకటి, విండోస్ 7 కీతో విండోస్ 10ని ఉచితంగా యాక్టివేట్ చేసుకునే దారిని మైక్రోసాఫ్ట్ 2023లో మూసేసింది, కాబట్టి లైసెన్సు కొనాలి. రెండు, విండోస్ 10కే 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసింది. వ్యక్తిగత వాడకానికిచ్చిన పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకే. మూడు, మూడో తరం ఐ3 విండోస్ 11 జాబితాలో లేదు. లైసెన్సుకు, ఎస్‌ఎస్‌డీకి, ర్యామ్‌కు డబ్బు పెట్టి ఏడాదికి మళ్లీ ఇదే గోడ దగ్గరికి రావడం తెలివైన ఖర్చు కాదు.

చౌకైన దారి కుర్చీలు మార్చడం. ఎనిమిదో తరం ఐ3 విండోస్ 11 జాబితాలో ఉంది. ఫైలింగ్ పనంతా మూడో కంప్యూటర్‌కు తేవాలి, ప్రింట్ల పని ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు. “ఈ పీసీలో విండోస్ 11 నడవదు” అని చూపించడానికి కారణం ప్రాసెసర్ కాదు. బయాస్‌లో ఇంటెల్ పీటీటీ (విండోస్ 11 అడిగే టీపీఎం భద్రతా సదుపాయం) ఆఫ్‌లో ఉంది, డిస్కు భాగాలు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నాయి. బ్యాకప్ తీసుకున్నాక విండోస్ 10లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ టూల్‌ను ముందు వ్యాలిడేట్‌తో నడిపి, తప్పు లేకపోతే కన్వర్ట్ చేసి, బయాస్‌లో యూఈఎఫ్‌ఐ బూట్‌కు మార్చి, పీటీటీ ఆన్ చేస్తే చాలు. వరస తప్పకూడదు. కన్వర్ట్ కాకముందే బూట్ మోడ్ మారిస్తే విండోస్ లేవదు. మళ్లీ పాత మోడ్‌కు మారిస్తే లేస్తుంది, భయపడక్కర్లేదు.

మార్చే రోజు ఎంచుకోవడంలో క్యాలెండరే యజమాని. ఏడో తేదీ టీడీఎస్ చెల్లింపు, 11 జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 13 ఐఎఫ్‌ఎఫ్ (మూడు నెలలకోసారి వేసేవాళ్ల అమ్మకాల బిల్లులు), 20 జీఎస్‌టీఆర్-3బీ (పన్ను రిటర్ను), మూడు నెలలకోసారి వేసేవాళ్లకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో త్రైమాసికం తర్వాతి నెల 22. మిగిలేది 24 నుంచి నెలాఖరులోపు. జులైలో రిటర్నుల వల్ల అదీ ఉండదు. శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారం సరిచూసుకోవడం మంచిది. టోకెన్ డ్రైవర్ మొరాయిస్తే సోమవారం సరఫరాదారుకు ఫోన్ చేసే వీలుంటుంది.

పాస్‌వర్డ్‌ల దగ్గర అందరూ ఇరుక్కుంటారు. క్రోమ్ యూజర్ డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి కొత్తదాంట్లో పెడితే బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డ్‌లు రావు. అవి ఆ విండోస్ యూజర్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. పాత కంప్యూటర్ బతికుండగానే, పాస్‌వర్డ్ సెట్టింగుల్లోంచి ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేయాలి. ఆ సీఎస్‌వీ ఫైల్లో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. పని కాగానే రెండు చోట్లా, పెన్‌డ్రైవ్‌లోనూ చెరపాలి. రీసైకిల్ బిన్‌లోనూ మిగలకూడదు. వాట్సాప్‌లో పంపుకోవడం వద్దేవద్దు. విండోస్ ఫార్మాట్ చేశాక పాస్‌వర్డ్‌లు కావాలంటే ఎవరూ తేలేరు.

డిజిటల్ సిగ్నేచర్‌కు వరస: ముందు టోకెన్ తయారీదారు డ్రైవర్, తర్వాత టోకెన్ గుచ్చడం, తర్వాత ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కంటెంట్, సర్టిఫికెట్స్, పర్సనల్ కింద క్లయింట్ పేరు కనబడుతోందో లేదో చూడటం. అక్కడ కనబడకపోతే పోర్టల్‌లోనూ కనబడదు. ఇది డ్రైవర్ సంగతి, బ్రౌజర్‌ది కాదు. టోకెన్ సాఫ్ట్‌వేర్‌లో ఇనిషియలైజ్ అనే బటన్ ఉంటుంది. ఏదో రిపేర్ బటన్ అనుకుని నొక్కితే టోకెన్‌లోని సర్టిఫికెట్ పోతుంది, క్లయింట్ కొత్తది కొనుక్కోవాలి. పిన్ కూడా ఊహించి కొట్టకూడదు. కొన్ని తప్పులకు టోకెన్ లాక్ అవుతుంది.

జీఎస్టీలో సంతకానికి ఈఎంసైనర్ అనే సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్‌గా నడవాలి. కొత్త బ్రౌజర్‌లో మొదటిసారి “ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్” అని వస్తుంది. ఈఎంసైనర్ కంప్యూటర్ లోపలే 127.0.0.1 అడ్రసులో 1585 పోర్టు మీద వింటుంది, ఆ చోటి సర్టిఫికెట్‌ను కొత్త బ్రౌజర్ ఇంకా నమ్మలేదు. హెచ్‌టీటీపీఎస్‌తో ఆ అడ్రసు, పోర్టు తెరిచి, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లి, పోర్టల్ పేజీ రీఫ్రెష్ చేస్తే కలుస్తుంది. ఆ ఎర్ర పేజీని దాటడం ఈ ఒక్క అడ్రసుకే సబబు. బ్యాంకు సైటుకు అలాంటి పేజీ వస్తే వెనక్కి రావాలి.

తెలుగు ఫాంట్ల విషయం చిన్నదే గానీ సోమవారం పొద్దున మొదటి ఫిర్యాదు అదే అవుతుంది. విండోస్ 7లో గౌతమి, వాణి ఫాంట్లు ఉండేవి. పాత వర్డ్ కవరింగ్ లెటర్లన్నీ గౌతమిలో ఉన్నాయి. విండోస్ 10, 11లో డిఫాల్ట్‌గా ఉండేది నిర్మలా యూఐ. దాంతో వరసల ఎత్తు మారి, ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి జారుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ కింద తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే పాత రూపం వస్తుంది.

పాత కంప్యూటర్‌ను వెంటనే ఫార్మాట్ చేయకూడదు. ఒక పూర్తి నెల, అంటే జీఎస్‌టీఆర్-1, 3బీ రెండూ కొత్తదాంట్లో సంతకంతో సహా పడేదాకా, నెట్ వైరు పీకి పక్కన ఉంచాలి. కొత్త క్రోమ్‌తో వాడిన ప్రొఫైల్‌ను పాత క్రోమ్‌లోకి వెనక్కి తేవడం కుదరదు, కాబట్టి అదే వెనుదిరిగే దారి.

కౌంటర్: రాజీ, దాని షరతులు

జీ41 బోర్డులో ర్యామ్ పెంచడానికి డీడీఆర్2 వెతకడం కూడా దండగే. దీన్ని తీసేసి, ఆ నెల గడిచాక ఖాళీ అయ్యే హెచ్61ని కౌంటర్లో పెట్టాలన్నది నిర్ణయం. అయితే దాంట్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్ మింట్ 64 బిట్, ఒక ఎస్‌ఎస్‌డీ వేస్తే తాజా ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ వస్తాయి. ఫారాలు నింపడానికి చక్కగా సరిపోతుంది. అడ్డు పడ్డది ప్రింటర్. షాపులో ఉన్నది కేనన్ ఎల్‌బీపీ 2900. మన దగ్గర సగం జిరాక్స్ షాపుల్లో ఇదే. లైనక్స్‌లో దీని డ్రైవర్ చాలా సతాయిస్తుంది. రోజంతా ప్రింట్లు తీసే కౌంటర్లో ఆ గొడవ పెట్టుకోకూడదు. లైనక్స్‌కు మారాలనుకునేవాళ్లు ముందు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా బూట్ చేసి, ఒక పేజీ ప్రింట్ తీసి, ఒక పేజీ స్కాన్ చేసి, అప్పుడు నిర్ణయించుకోవాలి.

కాబట్టి తాత్కాలికంగా విండోస్ 7 మీదే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్. విండోస్ 7కు సవరణలు పంపడానికి మొజిల్లా నిలబెట్టిన శాఖ ఇదే. గడువును పలుమార్లు పొడిగించారు కూడా. తాజా తేదీ మొజిల్లా రిలీజ్ క్యాలెండర్లో చూసుకోవాలి. వెర్షన్ 115 అని ఉంటే సరిపోదు, చుక్క తర్వాతి అంకె ముఖ్యం. 2025 మార్చి 14న ఫైర్‌ఫాక్స్‌లోని ఒక రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. ఈఎస్‌ఆర్ 115.13 కన్నా పాతవాటిలో ఎక్స్‌టెన్షన్లు ఆ దెబ్బకు పనిచేయడం మానేశాయి. ఈఎస్‌ఆర్ 115 ఓకేఎల్‌సీహెచ్ రంగుల్ని చూపిస్తుంది కాబట్టి మాయమైన సబ్మిట్ బటన్ దీంట్లో కనబడింది. నీడలు, గీతలు కొన్ని సరిగ్గా రావు, పని ఆగదు.

ఇది మంచి పరిష్కారం కాదు. బ్రౌజర్‌కు సవరణలు వస్తాయి, కింద విండోస్‌కు రావు. అందుకే మూడు షరతులు పెట్టారు. ఈ కంప్యూటర్లో బ్యాంకు లాగిన్ ఉండదు, ఫీజులు క్యూఆర్ స్కాన్ చేసి ఫోన్‌లో కట్టాలి. పాస్‌వర్డ్ సేవ్ చేయడం ఆఫ్. మొజిల్లా గడువు గానీ, రోజూ వాడే ఏదైనా పోర్టల్ మొరాయించడం గానీ, ఏది ముందొస్తే ఆ వారం ఈ కంప్యూటర్ పోయి, విండోస్ 11 నడిచే సెకండ్ హ్యాండ్ ఎనిమిదో తరం డెస్క్‌టాప్ వస్తుంది. డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టాలి. విండోస్ 7కు కొత్త క్రోమియం అందించే సూపర్మియం వంటివి ఉన్నాయి. వార్తలు చదువుకోవడానికి సరే. పక్కవాళ్ల ఆధార్ నంబర్లు టైప్ చేసే కౌంటర్లో వద్దన్నారు.

ఏఈపీఎస్‌ను ఈ కంప్యూటర్ నుంచి తప్పించి ఆండ్రాయిడ్ ఫోన్‌కు మార్చారు. డివైస్ ఎల్1 రకం, ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్ర డివైస్‌ను నడిపే ప్రోగ్రామ్) యాప్, ఓటీజీ కేబుల్ చాలు. విండోస్‌లోనే ఉంచాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఆర్‌డీ సర్వీస్ కంప్యూటర్ లోపల 11100 నుంచి 11120 వరకున్న పోర్టుల్లో ఒకదానిలో ఉంటుంది, వెబ్ పేజీ దాన్ని పిలుస్తుంది. క్రోమ్ 142 నుంచి ఇలాంటి పిలుపుకు “లోకల్ నెట్‌వర్క్‌లోని డివైస్‌లను వెతకనివ్వాలా” అని అనుమతి అడుగుతోంది. నోటిఫికేషన్ల పాపప్ అనుకుని బ్లాక్ కొట్టేస్తే “డివైస్ నాట్ ఫౌండ్” అనే వస్తుంది. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు. అడ్రస్ బార్ ఎడమవైపు గుర్తు నొక్కి, ఆ సైటుకు లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్‌ను అలౌ చేయాలి.

డీటీపీ: బ్రౌజర్ తీసేయడమే

పేజ్‌మేకర్, అను ఫాంట్లలో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లున్నాయి. ఈ కంప్యూటర్‌ను కదపాల్సిన పని లేదు. దీనికి నెట్ ఎందుకు ఉందని అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: కస్టమర్లు మ్యాటరు, ఫొటోలు వాట్సాప్‌లో పంపుతారు. వాట్సాప్ వెబ్‌ను ఫైలింగ్ కంప్యూటర్లో పెట్టడం తప్పు. ఎవరెవరో పంపే ఫైళ్లన్నీ తెరిచేది అక్కడే అవుతుంది. కౌంటర్లో పెట్టి, ఒక షేర్డ్ ఫోల్డర్‌లోకి దించితే సరిపోతుంది.

డీటీపీ కంప్యూటర్‌కు ఐపీ అడ్రసు చేత్తో ఇచ్చి, డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌కు దారి చూపే రూటర్ అడ్రసు) గడి ఖాళీగా వదిలేశారు. షాపు లోపలి ఫోల్డర్లు వస్తాయి, ఇంటర్నెట్ రాదు. విండోస్ 7కు ఎస్‌ఎంబీ 2 (ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) వచ్చు కాబట్టి ఫోల్డర్ షేరింగ్ కోసం ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమనే సలహా వింటే దాన్ని పాటించొద్దు. ఆ సలహా ఎక్స్‌పీ ఉన్నవాళ్లకు. క్రోమ్ ఐకాన్ డెస్క్‌టాప్ మీద నుంచి తీసేసి, సాఫ్ట్‌వేర్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేశారు. ఇక దీనికి అప్‌గ్రేడ్ తేదీ లేదు. హార్డ్ డిస్కు పోయేలోపు ఫైళ్ల నకలు వేరే డిస్కులో ఉంటే చాలు.